పెళ్లికి ముందే ఆమెతో మాట్లాడు, బిడ్డా

గట్టుప్పల,
నల్గొండ జిల్లా.

బిడ్డా,

ఆ అమ్మాయి సంగతి నువ్వు ఫోన్లో చెప్పినప్పుడు నాకు సంతోషమే అయింది. నాయనకు కూడా చెప్పాను. రెండు రోజులు ముభావంగా ఉండి, చివరికి "పిల్ల ఏం చదివింది?" అని అడిగాడు. అట్లా అడిగాడంటే ఒప్పుకున్నట్టే. కులం పేరెత్తి చుట్టాలు నాలుగు మాటలంటారు, అననీ. అవి మేం పడతాం. కట్నం మాట మన ఇంట్లో ఎవరి నోటా రాదు. 1961 నుంచీ దానికి చట్టం ఉంది, అది లేకపోయినా మేం అడిగేవాళ్లం కాదు.

నేను రాస్తున్నది వేరే విషయం. "పెళ్లయ్యాక ఆమె ఉద్యోగం మానేసినా పర్వాలేదమ్మా, అన్నీ నేను చూసుకుంటా" అన్నావు. ప్రేమతోనే అన్నావని తెలుసు. మరి మానేస్తానని ఆమె అన్నదా అని అడిగితే మాట దాటేశావు. ఆమె ఉద్యోగం ఉండాలో పోవాలో ఆమె లేకుండా మనిద్దరం అనుకోవడం నాకు నచ్చలేదు. నీ ఉద్యోగం గురించి ఆమె వాళ్లమ్మతో అట్లా మాట్లాడిందని తెలిస్తే నీకెట్లా ఉంటుంది?

నువ్వు చిన్నగా ఉన్నప్పుడు నేను ఆసు పోసేదాన్ని. మగ్గం మీద నేసేది అందరికీ కనిపిస్తుంది, నేతకు ముందు దారాన్ని సిద్ధం చేస్తూ ఇంట్లో మూలన కూర్చుని పోసిన ఆసు ఎవరికీ కనిపించదు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే నాలుగైదు గంటలు కదలకుండా కూర్చుని, మేకుల చుట్టూ దారం తిప్పుతూ చేతిని వేలసార్లు ఆడించాలి. సాయంత్రానికి భుజం లేచేది కాదు. నీకు అన్నం కలిపి పెట్టడానికి అక్కను పిలిచేదాన్ని. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే అతను, వాళ్లమ్మ లక్ష్మి పడే ఈ బాధ చూడలేక, ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు మిషన్ చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అందరూ అతని తెలివిని మెచ్చుకుంటారు. నాకు ఆ తెలివి కంటే, అమ్మ చెయ్యి నొస్తుంటే అది నొప్పేనని అతను ఒప్పుకోవడం పెద్దదిగా కనిపిస్తుంది. ఊళ్లకు ఊళ్లు దాన్ని ఆడవాళ్లకు ఉండేదేలే అని వదిలేశాయి.

చీర దిగాక కూలి నాయన చేతికి వచ్చేది. ఆయన దాచుకునే మనిషి కాదు, తెచ్చి నాకే ఇచ్చేవాడు. అయినా షావుకారు పుస్తకంలో నా పేరు ఎక్కడా లేదు. చీటీ వేద్దామని మనసులో ఉన్నా, నా పైసలతో వేస్తానని అనడానికి నోరు రాలేదు. నావని చూపించడానికి ఏముంది? పొదుపు సంఘంలో చేరి, నా పేరు మీద పాసుబుక్కు వచ్చాక గానీ ఇంట్లో ఏది కొనాలో ఏది వద్దో నేను ధైర్యంగా అనలేకపోయాను. నాయన అంత మంచివాడై ఉండి కూడా నాకు అట్లా అనిపించింది. ఆమె చదువుకుని తెచ్చుకున్న జీతాన్ని నువ్వు అంత తేలిగ్గా వద్దంటే నేనెట్లా ఊరుకుంటాను?

ఆమె జీతంలో కొంత వాళ్లింటికి పంపుతుందని, పెళ్లయ్యాక అదెట్లా కుదురుతుందని కూడా అన్నావు. కుదరాలి. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో తెచ్చిన చట్టంలో కొడుకుకూ కూతురికీ బాధ్యత ఒకటే. నాయన కంటి ఆపరేషన్‌కు అక్క దేవరకొండ నుంచి పదివేలు పంపింది. బావ ఒక్క మాట అనలేదు. ఎంత మంచి అల్లుడు దొరికాడని మనమంతా మురిసిపోయాం కదా. వాళ్లింట్లో నిన్ను కూడా అట్లా అనుకోవాలని నా ఆశ.

ఇక ఇంటి పని. ప్రభుత్వం 2024లో చేసిన సర్వే గురించి పేపర్లో చదివాను. ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 88 నిమిషాలు పెడుతున్నారట. అదీ ఆ పనిలో చెయ్యి పెట్టే మగవాళ్ల లెక్కే, అసలు ముట్టనివాళ్లు అందులో లేరు. హైదరాబాద్‌లో ఇద్దరూ రాత్రి ఎనిమిదింటికి అలసిపోయి ఇంటికి చేరతారు. కుక్కర్ ఎవరు పెడతారో మాట్లాడుకున్నారా? నీకు వంట వచ్చు, ఆ దిగులు లేదు. కానీ ఉప్పు అయిపోయిందని, గ్యాస్ బుక్ చేయాలని, పాలవాడికి పైసలివ్వాలని గుర్తుపెట్టుకోవడం కూడా పనే. "ఏం చేయాలో చెప్పు, చేస్తా" అని నువ్వు నిలబడితే ఆ గుర్తుపెట్టుకునే పనంతా ఆమె నెత్తినే ఉంటుంది.

నువ్వు మంచివాడివని నాకు తెలుసు. అయినా ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. మన జిల్లాలో సాయుధ పోరాటం జరిగినప్పుడు మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టింది, నిజాం సర్కారు ఆమె తలకు పదివేలు వెల కట్టింది. ఆమెలాగే దళాల్లో తిరిగిన ఆడవాళ్లెందరో. 1951లో పోరాటం ఆగిపోయాక వాళ్లలో చాలామందికి, ఇక ఇళ్లకు పోయి సంసారాలు చూసుకోమని చెప్పారు. చెప్పింది దొరలు కాదు, సమానత్వం కోసం ప్రాణాలకు తెగించిన మగవాళ్లు. అంతటి వాళ్లకే ఇంటి గడప దగ్గర ఆ మాట గుర్తు రాలేదు.

ఆమె మెసేజ్‌కు వెంటనే జవాబివ్వకపోతే టెన్షన్ వస్తుందన్నావు. ఆమెకు పని ఉంటుంది, నిద్ర ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడాలనిపించని పూటలుంటాయి. నాయన గుంట మగ్గంలో దిగాడంటే ఇప్పటికీ నాతో మాట్లాడడు. కోపమేం ఉండదు, మాటల్లో పడితే డిజైన్ తప్పుతుంది, అంతే. పెళ్లైన కొత్తలో నేను దానికి చాటుగా ఏడ్చేదాన్ని, తర్వాత అలవాటైంది. నా మనసులోది చెప్పుకోవడానికి పిన్ని ఉంది, సంఘంలో వాళ్లున్నారు. ఆయనకు హోటల్ దగ్గర దోస్తులున్నారు. అన్నీ ఒకరి దగ్గరే దొరకాలని మేం పట్టుబట్టలేదు, అందుకే కలిసి ఉండగలిగాం. నీ దోస్తులను వదులుకోకు, ఆమె దోస్తులను వదిలించకు, వాళ్లలో మగపిల్లలున్నా సరే. ఫోన్ పాస్‌వర్డ్ అడగకు. పెళ్లికి ఇంకొంత టైం కావాలంటే ఆగు. వద్దంటే, ఎంత కష్టమైనా ఒప్పుకో.

అన్నీ నేనే చూసుకోవాలని నువ్వు మీదేసుకుంటే నీకూ మంచిది కాదు. అక్క పెళ్లికి తెచ్చిన అప్పులో ఇంకా లక్షా నలభై వేలు ఉంది, నెలనెలా నీ జీతంలోంచే కిస్తీ పోతోంది. ఆ సంగతి ఆమెకు చెప్పావా? నాయనకు షుగర్ అని, మన ఇల్లు రేకులదని, నాలుగేళ్లలో మేం మగ్గం పని చేయలేని రోజు వస్తే మా ఖర్చు నీ మీదే పడుతుందని చెప్పావా? పరువు పోతుందని దాచకు. పెళ్లయ్యాక తెలిస్తే మోసపోయానంటుంది, ఆ మాటకు నా దగ్గర జవాబుండదు. అంతా విని, తన లెక్క తాను వేసుకుని సరే అంటే, అప్పుడు కలిసి కట్టుకుంటారో, నీ కిస్తీ నువ్వే కట్టుకుంటావో మీ ఇద్దరి ఇష్టం.

బ్యాంకు కాగితాలు బీరువాలో ఉన్నాయి. ఆదివారం అక్క వచ్చినప్పుడు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడుతుంది. వాటిని ముందు ఆమెకు చూపించు. ఆ తర్వాత వాళ్లింటికి మేం ఎప్పుడు రావాలో చెప్పు, నాయన కూడా వస్తాడు.

ఇట్లు,
మీ అమ్మ