లోపల డ్రైవర్ ఉన్నాడు నాన్నా

నాన్నకి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ అమ్మా చెల్లీ బాగున్నారని తలుస్తాను. వారం వారం ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాం కదా, మళ్ళీ ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో నువ్వు "ఒంట్లో బాగుందా" అంటావు, నేను "బాగుంది" అంటాను, అంతలో పెట్టేస్తావు. చెప్పాలనుకున్నది నోట్లోనే ఉండిపోతుంది. పెద్ద అక్షరాలతో ప్రింట్ తీసి చదివి వినిపించమని చెల్లికి చెప్పాను. నువ్వు కళ్ళు పొడుచుకుని చదవకు.

ఉద్యోగం మామూలే. కొత్త మేనేజర్ మంచివాడు. జీతం టైముకి వస్తోంది. దాని గురించి ఇంతకన్నా రాయడానికేం లేదు.

మొన్న ఆదివారం నువ్వొక మాట అన్నావు. "ఈ వయసులో ఇంకా ఆ బొమ్మ కార్ల ఆటలేనా?" అని. కోపంతో అనలేదని తెలుసు. అయినా రాత్రి పడుకున్నాక కూడా ఆ మాటే తిరిగింది. నేను రోజూ రేసులు ఆడుతూ కూర్చోవడం లేదు నాన్నా. చాలా రాత్రులు కంప్యూటర్ ఆటలో కారుని ఒక పక్కన ఆపి, కెమెరా దాని చుట్టూ తిప్పుతూ చూస్తాను. టైర్ల మధ్య గాడులు చూస్తాను. కిందికి దించి సైలెన్సర్ గొట్టం ఎటు పోయిందో చూస్తాను. బండి తీసే ముందు ఒకసారి చుట్టూ తిరిగి, వంగి కింద ఆయిల్ చుక్కలు పడ్డాయేమో చూడమని నాకు నేర్పింది ఎవరు?

అమ్మకి చెప్పు, పన్నెండు లోపే పడుకుంటున్నాను. వారంలో రెండు రోజులు ఒంటిగంట అవుతుంది, అదీ నిజమే. ఆఫీసుకి ఎప్పుడూ ఆలస్యం కాలేదు.

మనింట్లో మొదటి గ్రాన్ టురిస్మో గుర్తుందా? 1997లో వచ్చిన కారు రేసుల వీడియో గేమ్. చెల్లీ నేనూ రిమోట్ కోసం కొట్టుకుంటుంటే నువ్వు డ్యూటీ దిగి వచ్చి, చొక్కా కూడా మార్చకుండా మా వెనక నిలబడ్డావు. చాలాసేపు చూసి, "లోపల డ్రైవర్ లేడేంట్రా?" అన్నావు. "నేనే డ్రైవర్ని" అన్నాను. నువ్వు ఒప్పుకోలేదు. "అద్దాలన్నీ నల్లగా ఉన్నాయి. బండి దానంతటదే పోతోంది" అన్నావు.

దానికి జవాబు నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. ఆటలో కారంటే చిన్న చిన్న చదును ముక్కలు అతికించి చేసిన డొల్ల. ఆ ముక్కల్ని పాలిగన్లంటారు. ఆ మొదటి ఆటలో ఒక్కో కారుకి దక్కినవి సుమారు 300. బానెట్టు, డిక్కీ, తలుపులు అన్నీ వాటిలోనే సర్దాలి. ఇక సీట్లకి, స్టీరింగుకి, మనిషికి ఏం మిగుల్తాయి? అందుకే అద్దాలకి నల్లరంగు వేసి, ఆకాశం నీడ పడినట్టు పైన కాస్త మెరుపు పెట్టారు. లోపల నిజంగానే ఎవరూ లేరు. నువ్వు చూసింది సరైనదే.

ఇంకో ఆటలో కుడి పక్క తలుపు మీద అక్షరాలు తిరగబడ్డాయని పట్టుకున్నదీ నువ్వే. నేనేమో టీవీ పాడైందని వాదించాను. అప్పట్లో మిషన్‌లో జ్ఞాపకం చాలా తక్కువ. ఒక పక్క బొమ్మ గీసి, దాన్నే అద్దంలోలా తిప్పి రెండో పక్కకి అతికించేవారు. రంగుకి తేడా తెలియదు. అక్షరాల దగ్గరే బయటపడుతుంది.

ఒక విషయంలో నీకు క్షమాపణ చెప్పాలి. రెండో గ్రాన్ టురిస్మోలో ఒక పసుపు కారు చూసి "ఇది పోర్షా, పత్రికలో బొమ్మ చూశాను" అన్నావు. నేను తెర మీద పేరు చదివి, "కాదు, రూఫ్" అని మొండికేశాను. రూఫ్ అనేది జర్మనీలో పోర్షా బాడీలు తీసుకుని తమ సొంత కార్లుగా తయారుచేసే సంస్థ. పోర్షా పేరు వాడుకునే హక్కు చాలా ఏళ్ళు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే ఇంకో ఆటల కంపెనీ చేతిలో ఉండేది. 2016తో ఆ ఒప్పందం ముగిసింది. అంతవరకు చాలా ఆటల్లో పోర్షా ఉండాల్సిన చోట రూఫ్ ఉండేది. పేరు చదివి నేను గెలిచాననుకున్నాను, ఆకారం చూసి నువ్వు కనిపెట్టావు.

చెల్లికి రిడ్జ్ రేసర్ అనే కార్ల ఆట గుర్తుందో లేదో అడుగు. ఆట లోడ్ అయ్యేలోపు గెలాక్సియన్ అనే చిన్న కాల్పుల ఆట వచ్చేది, ఆ పురుగులన్నిటినీ కాల్చేస్తే ఇంకో ఎనిమిది కార్లు తెరుచుకునేవి. అది దానివల్లే అయ్యేది, నావల్ల కాలేదు. ఆ కార్ల జట్లకి, ఆ ఆట చేసిన నామ్కో కంపెనీ వాళ్ళ పాత ఆటల పేర్లే పెట్టారని ఇప్పుడు చూస్తే తెలిసింది. మ్యాపీ, సోల్వలూ, బాస్కోనియన్. మేం అవి మనుషుల పేర్లనుకున్నాం.

చుక్కల మందు నాలుగు పూటలా వేసుకుంటున్నావా? అమ్మని అడిగితే "వేసుకుంటున్నారు" అంటుంది, గొంతులో నమ్మకం ఉండదు. ఆపరేషన్ తేదీ వెనక్కి జరపొద్దు. శుక్లాలు ముదిరేదాకా ఆగాల్సిన పని లేదని డాక్టర్ చెప్పారు కదా.

నేను ఈమధ్య ఎక్కువగా చూస్తున్నది అసెట్టో కోర్సా అనే ఆట. 2014లో వచ్చింది, ఇటలీ వాళ్ళు చేశారు. దీన్లో కార్ల ఫైళ్ళు విప్పి ఏ ముక్క ఏ పేరుతో ఉందో చూడొచ్చు. ఇంజను విప్పి గుడ్డ మీద వరసగా పేర్చుకున్నట్టే ఉంటుంది. స్పీడు ముల్లుకి ఒక పేరు, ఇంజను చుట్లు చూపించే ముల్లుకి ఇంకో పేరు. చక్రం రిమ్ము రెండు రకాలుగా ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు మామూలు రిమ్ము. వేగం అందుకోగానే అది మాయమై, దాని స్థానంలో చెదిరిపోయినట్టు గీసిన ఇంకో రిమ్ము వస్తుంది. కారు లోపలి భాగం కూడా రెండు. మనం లోపల కూర్చుంటే కుట్లు, బటన్లు, స్క్రూలతో సహా ఉన్నది, బయట నుంచి చూసేవాళ్ళకి మొరటుగా చేసింది. ఇవి కాక కంటికి కనిపించని డొల్ల ఒకటి ఉంటుంది. గోడకి గుద్దుకునేది అదే, పైకి కనిపించే కారు కాదు.

ఆ పేర్ల మధ్య ఒక రాత్రి రెండు మాటలు కనిపించాయి. 'చింతూరె ఆన్', 'చింతూరె ఆఫ్'. మిగతావన్నీ ఇంగ్లీషులో ఉంటే ఈ మాట మాత్రం ఇటాలియన్. చింతూరె అంటే బెల్టులు. డ్రైవర్ సీట్లో ఉన్నప్పుడు బెల్టు వాడి ఒంటికి బిగించి ఉంటుంది. వాడు లేనప్పుడు అదే బెల్టు వదులుగా సీటు మీద పడి ఉంటుంది. రెండు బెల్టులు విడివిడిగా చేశారు నాన్నా. రేసులో దాన్ని చూసేవాడెవడూ లేడు. ఎవరో కూర్చుని ఖాళీ సీటు మీద బెల్టు ఎలా పడుతుందో ఆలోచించి మడతలు పెట్టారు. "బెల్టు పెట్టుకున్నావా" అని అడగకుండా నువ్వు ఏ రోజూ బండి కదిలించలేదు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

నీ ప్రశ్నకి జవాబు కూడా అక్కడే దొరికింది. ఇప్పుడు లోపల డ్రైవర్ ఉన్నాడు. స్టీరింగు తిప్పితే చేతులు తిరుగుతాయి, గేరు మారిస్తే చెయ్యి వెళ్తుంది. మనం లోపలి నుంచి చూసేటప్పుడు మాత్రం వాడి హెల్మెట్టు కనిపించకుండా తీసేస్తారు. ఎందుకంటే కెమెరా ఉండేది అక్కడే, వాడి తల ఉండాల్సిన చోట. మెక్‌లారెన్ ఎఫ్1లో డ్రైవర్ సీటు మధ్యలో, రెండు పక్కలా వెనగ్గా రెండు సీట్లు. ఆ కారు ఆటలో నడిపితే రోడ్డు సరిగ్గా మన ముక్కు ఎదురుగా ఉంటుంది. నువ్వు ఒక్కసారి చూడాలి.

బొమ్మ కార్లంటావు గానీ, 2007లో వచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్ డాష్‌బోర్డు మీద టర్బో ఒత్తిడి, ఆయిల్ వేడి చూపించే తెర ఉంది కదా, దాన్ని డిజైన్ చేసింది గ్రాన్ టురిస్మో తయారుచేసే పాలిఫొనీ డిజిటల్ వాళ్ళే. ఆటలో మీటర్లు గీసి గీసి నిజం కారుకి గీశారు.

ఇప్పుడు అసలు సంగతి. మన కారు అమ్మేస్తున్నావని చెల్లి చెప్పింది. నాకు నువ్వు చెప్పలేదు. చూపు సరిగ్గా ఆనడం లేదు, ఇక నడపనని నువ్వే నిర్ణయించుకున్నావట. నేను వద్దనను. ఇన్నేళ్ళలో ఒక్క గీత పడకుండా నడిపిన మనిషివి, ఎప్పుడు ఆపాలో నీకు తెలుసు. కానీ ఇచ్చేసే ముందు నాకు కొన్ని కావాలి. నేను ఇలాంటి త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను, ఆ రాత్రులు దానికే పోతున్నాయి. మన కారుని నేనే చేస్తాను.

చెల్లితో ఫోటోలు తీయించు. మబ్బు పట్టిన రోజు అయితే మంచిది, ఎండలో నీడలు పడి రంగు తెలియదు. దగ్గర నుంచి వద్దు, ముక్కు భాగం ఉబ్బినట్టు వస్తుంది. బాగా దూరం వెళ్ళి జూమ్ చేయమను. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి ఎంతో టేపు పెట్టి కొలవాలి. డాష్‌బోర్డు మీద పగులు, గేరు రాడ్డు పైన అరిగిపోయిన అంకెలు, బండి ఆపాక కూడా సున్నాకి రాని పెట్రోలు ముల్లు, అన్నీ కావాలి. శుభ్రం చేయించకు. బెల్టు పెట్టుకుని ఒక ఫోటో, బెల్టు తీసి సీటు మీద వదిలేసి ఒక ఫోటో.

సీటు మాత్రం ముందుకీ వెనక్కీ జరపకు. నువ్వు కూర్చుని రోడ్డు చూస్తున్నట్టు ముందుకి చూడు. స్టీరింగు నుంచి నీ కంటికి ఎంత దూరమో, సీటు నుంచి నీ కంటికి ఎంత ఎత్తో చెల్లి కొలిచి పంపాలి. కెమెరా అక్కడ పెడతాను.

ఇట్లు,
నీ కొడుకు