ఆడపిల్లలున్న అమ్మలకు ఒక మాట

అందరికీ నమస్కారం. మొన్న దిల్‌సుఖ్‌నగర్ నుంచి మా అక్క కూతురు వచ్చింది. తొమ్మిదో తరగతి. బ్యాగులో పుస్తకాల వెనక రెండు ప్యాడ్ ప్యాకెట్లు, ఒక నల్ల చున్నీ దాచుకుంది. గంటకో ప్యాడ్ తడిసిపోతోందట. "అందరికీ ఇంతే కదా పిన్నీ" అంది. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8, అంటే రక్తం బాగా తక్కువ!

అందరికీ ఇంతే కాదండీ. రజస్వల అయిన మొదటి రెండు మూడేళ్లు నెలసరి 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా సాధారణంగా కంగారు లేదు. గంట, రెండు గంటలకే ప్యాడ్ నిండుతున్నా, బ్లీడింగ్ 7 రోజులు దాటినా, 3 నెలలు రాకపోయినా, 15 ఏళ్లు నిండినా మొదలవకపోయినా డాక్టర్‌కు చూపించండి. నొప్పితో స్కూల్ మానేస్తుంటే అదీ చెప్పాల్సిందే.

చాలామందికి లోపలి పరీక్ష అంటే టెన్షన్. మొదటిసారి చాలావరకు మాటలు, రక్తపరీక్ష, అవసరమైతే పొట్టమీద నుంచి స్కానింగ్, అంతే. తేదీలు, రోజుకి ఎన్ని ప్యాడ్లో రాసుకెళ్లండి. పిల్లని డాక్టర్‌తో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి, మనకు చెప్పనివి వాళ్లకు చెప్తారు. ముందు దగ్గర్లోని బస్తీ దవాఖానాలో (ప్రభుత్వ ఉచిత క్లినిక్) అడిగినా సరే. 9-14 ఏళ్ల పిల్లలుంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా గురించి కూడా అడగండి.

ఎవరికైనా తోడు కావాలంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, వస్తాను.