మగ్గం లెక్క వేరు, కిస్తీ లెక్క వేరు

సంపాదకుల వారికి,

మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో మాయా ఆదివాసీ మహిళల సూక్ష్మరుణాలు అనగానే మనకు డ్వాక్రా గుర్తొస్తుంది. చాలాచోట్ల పద్ధతీ అదే: తాకట్టు లేదు, సంఘంలోని ఆడవాళ్లే ఒకరికొకరు హామీ. చిక్కంతా కిస్తీల దగ్గరే.

అక్కడి సొలొలా ప్రాంతంలో మగ్గం ఒక కొసను చెట్టుకో దూలానికో కట్టి, రెండో కొసను నడుం పట్టీకి తగిలించుకుని నేస్తారు. నిండా బొమ్మలున్న ఒక్క 'విపీల్' రవికెకు నెలలు పట్టొచ్చు. కిస్తీ మరుసటి నెలే మొదలైతే నూలు డబ్బే కిస్తీకి పోతుంది, లేదా సరుకు దళారికి చవగ్గా పోతుంది. చిచికాస్తెనాంగో పట్నంలో గురు, ఆదివారాల సంతలో కూరగాయలమ్మే ఆమెకు ఈ బాధ లేదు, డబ్బు వారంలోనే తిరుగుతుంది. నేతకు మొదటి కిస్తీకి ముందు కనీసం 3 నెలల గడువివ్వాలి.

ఇక వడ్డీ. 3,000 కెట్సాల్‌ల (అక్కడి డబ్బు) అప్పు, 12 నెలలు, నెలకు 2.5 శాతం అనుకుందాం. మొదటి అసలు మీదే లెక్కగడితే వడ్డీ 900. నెలనెలా 250 తీరుస్తూ మిగిలిన అసలు మీద లెక్కిస్తే 487.50. ఈ తేడాను స్పానిష్ కాగితంలో రాస్తే చాలదు, కిచే, కక్చికెల్ అనే వాళ్ల మాయా భాషల్లో నోటితో చెప్పాలి.

ఒకే ఇంటికి నాలుగు సంస్థలు అప్పులివ్వడం మరో ప్రమాదం. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్స్ దాకా వెళ్లడానికి ఇలాంటి అప్పుల మీద అప్పులూ ఒక కారణం.

– గ్రామీణ రుణాల రంగంలోని పాఠకులు