శీనుగాడికి, హేవ్‌లాక్ మానేసి వెళ్లిన చోటి సంగతి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరే శీనూ,

ముందు తనివితీరా తిట్టేసుకో, తరవాత చదువు. జనవరిలో రాయాల్సిన ఉత్తరం ఉగాది ముందు రాస్తున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే నువ్వు ‘సిగ్నల్ దగ్గరున్నా, మళ్లీ చేస్తా’ అంటావు. ఆ మస్కట్ సిగ్నల్ జన్మలో పచ్చబడదు.

ఇక్కడి కబుర్లు గబగబా: అమ్మ బీపీ అదుపులోనే ఉంది, నా ట్రాన్స్‌ఫర్ ఆగింది, చిన్నది సైకిల్ మీంచి పడి ముందు పన్ను విరగ్గొట్టుకుంది, మన మూడో బల్లగాడు మళ్లీ ఎలక్షన్లో నిలబడతాడట (నవ్వకు). అయిపోయాయి.

అండమాన్ వెళ్లామని నీకు తెలుసు. గ్రూపులో ఫొటోలు చూసి ‘రాజాల్లా ఉన్నార్రా’ అని కూడా పెట్టావు. ఒరే, ఆ స్విమ్మింగ్‌పూల్, ఆ కొబ్బరిబొండం, ఆ పూల చొక్కా అన్నీ మా కలెక్టరు గారివి. అదే, మా బావమరిదివి. మేం అక్కడ లేనే లేం.

జరిగిందేమిటంటే, అందరం కలిసి హేవ్‌లాక్ అనుకున్నాం. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్, అయినా అందరూ హేవ్‌లాక్ అనే అంటున్నారు. కలెక్టరు గారు రిసార్ట్ చూసేశారు, రేట్లు మాట్లాడేశారు. ‘రాధానగర్ బీచ్‌ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అంది బావా’ అని రోజుకోసారి పాఠం. అన్నది నిజమే, బీచ్ కూడా నిజంగానే బాగుంటుంది, ఆఫీసు వాళ్లతో వెళ్లినప్పుడు చూశాను. కానీ ఆ మాట విన్న ప్రతివాడూ అక్కడికే వస్తున్నాడు కదరా. సంక్రాంతి సెలవుల్లో ఇక చెప్పనే అక్కర్లేదు. సముద్రం కన్నా సెల్ఫీ కర్రలు ఎక్కువ కనబడతాయి. అమ్మ ఒక్కటే అడిగింది: ‘అక్కడా ఆర్కే బీచ్ లాగే జనం ఉంటే అంత దూరం ఏల?’ దానికి నా దగ్గర జవాబు లేదు.

అందుకని వాళ్లు అటు, మేం ఉత్తరాన డిగ్లీపూర్‌కి. పద్మకి వారం రోజులు నామీద కోపం. లైట్‌హౌస్ ఇడ్లీ నాడు పెట్టిన మొహమే, నీకు గుర్తుండే ఉంటుంది.

పోర్ట్‌బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కి రోడ్డుంది, మూడొందల కిలోమీటర్ల పైన. కానీ అది జారవాలనే ఆదివాసుల అడవి మధ్యలోంచి వెళ్తుంది. బళ్లన్నీ వరసకట్టి, పోలీసు కాపలాతో పోవాలి, ఆగకూడదు, ఫొటో తియ్యకూడదు. 2002లోనే సుప్రీంకోర్టు ఆ దారి మూసెయ్యమంది. ఇప్పటికీ బళ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరి ఇంటి మధ్యలోంచో మనం తొంగి చూసుకుంటూ పోవడం... ఏమో, నాకు మనసొప్పలేదు. సర్కారు ఓడ టికెట్లు దొరికాయి, రాత్రి ఎక్కితే ఏరియల్ బే జెట్టీలో దించాడు. పద్మ దారంతా వాంతులు. అమ్మ మాత్రం డెక్ మీద శాలువా కప్పుకుని కూర్చుంది. నాన్న పోర్టులో పనిచేసినన్నాళ్లూ వైజాగ్ నుంచి అండమాన్ ఓడ ఎక్కిస్తానని చెబుతుండేవాడు, తెలుసుగా. ఇది ఆ ఓడ కాదులే. ఉంటే మాత్రం... సరే, వదిలెయ్.

మేం దిగింది కాలీపూర్ అని, సముద్రం ఒడ్డున. గెస్ట్‌హౌస్ పాతది, కరెంటు వస్తూ పోతూ ఉంటుంది, ఇసుక ఈగలు కుట్టి కాళ్లు దద్దుర్లెక్కాయి, కాలువల దగ్గర మొసళ్లున్నాయని బోర్డులు. ఇసుక కూడా తెల్లగా ఉండదు, బూడిదరంగు. అయిదుంపావుకే పొద్దు గూకేస్తుంది, గడియారం మనదే గానీ సూర్యుడు వాళ్లకి ముందు. పద్మ మొహం చూడ్డానికే భయమేసింది. రాత్రి చేపలపులుసుతో అన్నం తిన్నాక ఇంకేం చెయ్యాలో తెలీక కూర్చుంటే, ఫారెస్టు వాచరొకాయన వచ్చి ‘ఒచ్చింది, ఒస్తారేటి?’ అన్నాడు. తెలుగులోరా! అదీ మన తెలుగులో! వాళ్ల నాన్నది శ్రీకాకుళం వైపు భావనపాడట. పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు వినబడుతుందని తెలుసు గానీ, ఆ కొసన ఆ చీకట్లో వినబడేసరికి అమ్మ ఊరూ పేరూ వరసలూ అడగడం మొదలెట్టింది. ఆయనేమో ‘ముందు నడు పెద్దమ్మా, అది ఎల్లిపోద్ది’ అని.

తాబేలురా శీనూ. ఆలివ్ రిడ్లీ.

టార్చి వెయ్యొద్దన్నాడు, ఆయన దగ్గరే ఎర్ర లైటుంది. అలల నుంచి పైకి ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చిన జాడ, దాని చివర అది. వెనక కాళ్లతో గొయ్యి తవ్వుతోంది. ఒక కాలుతో ఇసుక దోసిలిపట్టి తీసి పక్కన పోస్తుంది, తరవాత రెండోది, వంతులేసుకున్నట్టు. కంటికి కనబడకుండా వెనక్కి అంత గుండ్రంగా ఎలా తవ్వుతుందిరా? గుడ్లు మొదలయ్యేదాకా దూరంగానే ఉంచాడు, ముందే కదిలితే వెనక్కి తిరిగి వెళ్లిపోతుందట. మొదలయ్యాక ఇక దానికి లోకంతో పనిలేదు. పింగ్‌పాంగ్ బంతులంత తెల్లటి గుడ్లు, రెండేసి, మూడేసి.

అమ్మ చెప్పులు విడిచి, కొంగు కప్పుకుని, ‘ఓలమ్మా, కూర్మనాధుడే’ అని ఇసుకలో కూలబడింది. శ్రీకూర్మం గుడి పక్కన పెరిగిన మనిషి కదా. తాబేలు కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. వాచరు చెప్పాడు, ఒంట్లో చేరిన ఉప్పుని కళ్ల దగ్గరి గ్రంథుల్లోంచి అలా వదిలేస్తుందని. అమ్మ ఒప్పుకోలేదు. ‘ఉప్పేటి, నొప్పుల్రా అవి. నలుగుర్ని కన్నదాన్ని నాకు తెల్దా’ అంది. నలుగురు అంది. మేం ముగ్గురమే కదా. అడగలేదు. పద్మ నాకేసి చూసింది, తనకీ తెలీదు. చీకట్లో పద్మ వెళ్లి అమ్మ పక్కన కూర్చుంది. ఇంటికొచ్చాక కూడా మేం ఎవరం అడగలేదు. నువ్వూ ఎప్పుడూ ఎత్తకు.

అది గుడ్లు పెట్టేసి, ఇసుక కప్పేసి, ఒంటితో అటూ ఇటూ ఊగుతూ దబదబా కొట్టి చదును చేసిందిరా. ఆ చప్పుడు మా చిన్నదానికి ఎంత నవ్వు తెప్పించిందో! తరవాత తిరిగి చూడకుండా సముద్రంలోకి. ‘పథ్యం లేదు, పాడు లేదు, అప్పుడే ఎల్లిపోతంది సూడు’ అని అమ్మ. కుక్కలూ ఉడుములూ తవ్వేస్తాయని వాచరు ఆ గుడ్లు తీసి, వాటిని పొదిగించే హేచరీకి పట్టుకెళ్లాడు. ఆయన లెక్క నూటపదమూడు. అమ్మ లెక్క నూటపదహారు. ఇప్పటికీ నూటపదహారే, ఎవరూ మార్చలేరు.

పొదగడానికి యాభై రోజులు అటూ ఇటూ పడుతుందట. ఇసుక వేడిని బట్టి ఆడో మగో తేలుతుందట, వేడెక్కువైతే ఆడవి. ‘అయితే మన వైజాగ్ ఎండకి అన్నీ ఆడపిల్లలే’ అంది పద్మ. అప్పటికి కోపం పోయిందన్నమాట. ఆ ఒక్క తీరానికి నాలుగు జాతులు వస్తాయట: ఇదీ, లెదర్‌బ్యాక్, గ్రీన్, హాక్స్‌బిల్. మాకు మిగతా మూడూ కనబడలేదు. పొద్దున్న పాత గూళ్లలోంచి వచ్చిన పిల్లల్ని వదిలారు, అదో పెద్ద కథ, ఇంకోసారి. రాస్, స్మిత్ దీవులు కూడా చూశాం. ఆటు వచ్చినప్పుడు రెంటినీ ఇసుక దారి కలుపుతుంది. ఫొటోల్లో ఉన్నట్టే ఉంది.

తిరుగు ప్రయాణంలో పోర్ట్‌బ్లెయిర్‌లో కలెక్టరు గారిని కలిశాం. హేవ్‌లాక్‌లో డైవింగ్ చేశాడు, పగడాలు చూశాడు, బాగా సంతోషంగానే ఉన్నాడు, కాదనను. కానీ స్కూటీ అద్దెకీ, డైవింగ్‌కీ, భోజనానికీ అన్నిటికీ క్యూలేనట. ‘మీరేం చూశారు బావా?’ అంటే అమ్మే చెప్పింది, గంటసేపు. పాపం, ఆయన పూల చొక్కా ఫొటోలు చూపించే సందే దొరకలేదు.

అన్నట్టు అసలు విచిత్రం ఇదిరా. ఈ ఆలివ్ రిడ్లీలే మన వైజాగ్‌లో జోడుగుళ్లపాలెం దగ్గర కూడా గుడ్లు పెడతాయి, అక్కడా ఫారెస్టు వాళ్ల హేచరీ ఉంది. నలభై ఏళ్లుగా మనం చూసిందల్లా ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చినవాటినే. గాలి కోసం పైకి రావాలి కదా, ట్రాలర్ వలలో ఇరుక్కుంటే ఊపిరాడదు. వచ్చాక అమ్మని తెల్లారగట్ల అటు తీసుకెళ్లాను, అక్కడి వాచరుతో కూడా వరసలు కలిపేసింది.

మీ ఒమన్‌లో రస్ అల్ జింజ్ అని ఉందట, గ్రీన్ తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. మస్కట్ నుంచి కారులో వెళ్లొచ్చట. పన్నెండేళ్లుగా అక్కడుండి నువ్వు ఒక్కనాడైనా చెప్పావా? మాల్స్ గురించి మాత్రం... ఇదిగో, పక్కింటాయన వచ్చేశాడు, ఆయన ఫ్లైట్ తెల్లారి నాలుగింటికి, సూట్‌కేసు మూసేస్తున్నాడట. సున్నుండలు కూడా పంపుతున్నాను, నీ భీమిలి గొడుగు మీద ఒట్టు, అన్నీ నువ్వే తినకు. వేసవిలో వస్తే అమ్మ నిన్ను అడగమంది ఒకటి, అది

సరే, తరవాత రాస్తాను, ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

నీ,
రాంబాబు