వాల్తేరు గిటారు కుర్రాళ్ల జ్ఞాపకాలు సేకరించాలి

సంపాదకులకు నమస్కారం.

విశాఖ సాంస్కృతిక చరిత్ర రాసేవారు నాటకాలను, హరికథలను, సంగీత సభలను తప్పక తలచుకుంటారు గాని, 1960లలో ఇక్కడ గిటార్లు పట్టిన కుర్రాళ్ల ఊసెత్తరు. బీటిల్స్ అనే గిటారు బృందం తొలి పాట 1962లో ఇంగ్లండులో విడుదలైన కొద్ది ఏళ్లకే, రేడియో సిలోనులో అటువంటి పాటలు విన్న వాల్తేరు రైల్వే కాలనీలోని ఆంగ్లో-ఇండియన్ పిల్లలు, వారితోపాటు మావంటి తెలుగు పిల్లలు జట్లు కట్టారు.

మా జట్టులో నలుగురం. విదేశీ వాయిద్యాలు దొరకని రోజులవి కనుక, కలకత్తా నుంచి మెయిలు బండిలో తెప్పించిన మామూలు గిటారుకు పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) బిగించి, దాని తీగను మా ఇంటి వాల్వు రేడియో వెనుక గ్రామఫోను కోసం ఉన్న రంధ్రంలో పెట్టేవాళ్లం. శబ్దం పెంచితే రేడియో గొంతు బొంగురుపోయేది. ఆ బొంగురే మాకు ఇంపు. పాట మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి, ఒక్కొక్కరం ఒక్కో చరణం వింటూనే రాసుకొని, తరువాత నాలుగు కాగితాలూ కలుపుకొనేవాళ్లం.

మన దేశపు గిటారు బృందాలకు జరిగిన షిమ్లా బీట్ పోటీల రికార్డులు 1970, 1971లలో వెలువడినందువల్ల కొన్ని మద్రాసు, షిల్లాంగు బృందాల పాట నిలిచింది. మా పాట ఏ రికార్డుకూ ఎక్కలేదు. ఆనాటి మిత్రులలో పలువురు ఆస్ట్రేలియాకు తరలిపోయారు, కొందరు కాలం చేశారు. మిగిలినవారి వద్దనున్న ఫోటోలను, టేపులను, ఆహ్వాన పత్రాలను మన పౌర గ్రంథాలయం ఈ ఏడాదే సేకరించి భద్రపరచాలని, ఆ పిలుపును మీ పత్రిక ప్రచురించాలని వేడుకొంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి,
విశాఖపట్నం