విదురాశ్వత్థం నాగశిలలు కూలుతున్నాయి: పర్యాటక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

బెంగళూరు తెలుగువాళ్లం రాస్తున్నాం. కర్ణాటకలో గౌరీబిదనూరు దగ్గర, ఉత్తర పినాకిని నది ఒడ్డునున్న విదురాశ్వత్థం అనే చిన్న ఊరి గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1938 ఏప్రిల్ 25న సత్యాగ్రహానికి చేరిన జనం మీద కాల్పులు జరిగింది అక్కడే. విదురుడు నాటాడని చెప్పుకునే రావిచెట్టు 2001లో కూలిపోయింది. మిగిలిన నాగశిలలనైనా కాపాడండని అర్జీలు పెడుతూనే ఉన్నాం. "పరిశీలిస్తాం" అన్న మాట దాటి ఏమీ జరగలేదు.

పెళ్లి కుదరాలనో, పిల్లలు పుట్టాలనో మొక్కుకున్నవాళ్లు రాతి మీద నాగ ప్రతిమ చెక్కించి, జలాధివాసం చేయించి (కొన్నాళ్లు నీళ్లలో ఉంచి), అక్కడ ప్రతిష్ఠించి వెళ్తారు. అవి వేలల్లో పేరుకున్నాయి. పునాది లేకుండా ఒకదానికొకటి ఆనించి నిలబెడితే, వానకు అడుగు మట్టి జారి ముందుది ఒరుగుతుంది, దాని బరువుకు పక్కవీ ఒరుగుతాయి. పడ్డ రాయికి ముందు విరిగేది పడగ అంచే, అక్కడే రాయి పలచన. నిలబెట్టడానికి సిమెంటు మెత్తితే, అక్కడ ఇంకా ఉన్న చెట్ల మొదట్లో నేల మూసుకుపోయి వేళ్లకు నీరూ గాలీ అందవు. బతికున్న చెట్టుకు అంతకన్నా హాని ఏముంది?

పాలు, నెయ్యి, పసుపు, కుంకుమ, దీపపు మసి పొరలు పొరలుగా పట్టి చెక్కడమే కనబడకుండా పోతుంది. దాన్ని యాసిడ్‌తోనో ఇనుప బ్రష్‌తోనో గీకించకండి, రాయి పైపొర లేచిపోతుంది. మెత్తటి బ్రష్‌తో పొడిగా దులిపి, ఆ తర్వాత మామూలు నీళ్లతో కడిగితే చాలు. ఒక్కసారిగా పోదు, ఓపిక కావాలి.

మేమడిగేది ఖర్చుతో కూడినదేమీ కాదు. ప్రతి శిలకూ ఫొటో తీసి నంబరు వేయించండి. గులకరాళ్ల పరుపు మీద, మూడో వంతు భూమిలోకి దించి నిలబెట్టించండి. అభిషేకం నీళ్లు పోవడానికి కాలువ, దీపాల కోసం చెట్లకు దూరంగా ఇనుప స్టాండు పెట్టించండి. చెట్ల మొదళ్ల చుట్టూ కనీసం మీటరు నేల వదిలేయించండి. కొత్త ప్రతిష్ఠలకు విడిగా చోటు చూపించండి. ఈ నియమాలన్నీ కన్నడంతోపాటు తెలుగులోనూ బోర్డు మీద రాయించండి. హిందూపురం వైపు నుంచి వచ్చేవాళ్లకు చదవడానికి వీలవుతుంది.

ఇంకెన్ని అర్జీలు పెట్టమంటారు? చేతులు జోడించి అడుగుతున్నాం. నాగపంచమికి జనం రాకముందే, ఈ పని ఎవరికి అప్పగించారో, ఎప్పటికి పూర్తవుతుందో రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
విదురాశ్వత్థం భక్తులు, బెంగళూరు