విషయం: కెనడా ట్రెక్ ప్లాన్‌కు కట్టిన డబ్బు తిరిగి ఇప్పించడం గురించి

మేనేజర్ గారికి,

నమస్కారం. జులైలో అమ్మానాన్నలను తీసుకుని కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్కుకు వెళ్ళడానికి మీ అమీర్‌పేట ఆఫీసులో ప్లాన్ చేయించుకున్నాను. మొరైన్ లేక్ దగ్గర బయల్దేరి, అడవిలో మూడు కిలోమీటర్లు నడిచి కన్సోలేషన్ లేక్స్ చూసి రావాలి. పెద్దవాళ్ళకు కూడా సులువే అన్నారు. సరస్సు ఒడ్డున బండరాళ్ళు దాటడం తప్పిస్తే ఆ మాట నిజమే. మీరు చెప్పినవాటిలో నిజమైంది అదొక్కటే.

3,800 రూపాయలకు మీరు అంటగట్టిన 'ఎలుగుబంటి కిట్' సంగతి చెప్తాను. అందులోని స్ప్రేను మీ స్టాఫ్ చెప్పినట్టే నాన్నగారి స్వెట్టర్‌లో చుట్టి చెక్-ఇన్ బ్యాగులో పెట్టాం. శంషాబాద్‌లో పిలిచి బ్యాగు తెరిపించారు. సెక్యూరిటీ ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి లేబుల్ చదివించారు: మహిళల ఆత్మరక్షణకు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకునే పెప్పర్ స్ప్రే అది! ఎలుగుబంటి మీదికొస్తే కొట్టే అసలు బేర్ స్ప్రేను కూడా విమానంలో ఏ బ్యాగులోనూ పెట్టనివ్వరు. అక్కడికి వెళ్ళాక కొనుక్కోవాలి, లేదా అద్దెకు తీసుకోవాలి. ఇక కిట్‌లో మిగిలినవి, మనం వస్తున్నట్టు ఎలుగుబంట్లకు తెలియడానికి మోగించే గంటలు. వాటి చప్పుడు చాలదని పార్కువాళ్ళే చెప్తారు, నోటితో గట్టిగా మాట్లాడుతూ నడవమంటారు. అమ్మ ఆ గంటలను మా ఊళ్ళో ఎద్దుకు కడతానంది.

కారులో నేరుగా మొరైన్ లేక్‌కు వెళ్ళిపోవచ్చన్నారు. సొంత వాహనాలను ఆ రోడ్డు మీదికి 2023 నుంచే రానివ్వడం లేదు. షటిల్ బస్సుకు ముందే బుక్ చేసుకోవాలి. ఎక్కువ సీట్లు ప్రయాణానికి రెండు రోజుల ముందు, ఉదయం 8 గంటలకు విడుదల చేస్తారు. ఇది తెలియక రెండు రోజులు హోటల్లో కూర్చున్నాం. తీరా వెళ్తే దారి మొదట్లోనే బోర్డు: గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి, నలుగురికి తక్కువైతే వెళ్ళకూడదు. మేం ముగ్గురం. మేం ముగ్గురమని మీ ఫారంలో రాసి ఇచ్చాను కదా! ఎవరైనా వస్తారేమోనని గంటసేపు నిలబడితే చెన్నై దంపతులు కలిశారు, అలా ఐదుగురమయ్యాం. నాన్నగారు దారంతా పద్యాలు ఎత్తుకున్నారు కాబట్టి చప్పుడుకు లోటు రాలేదు. ఎలుగుబంటి కనపడలేదు.

ఇవన్నీ పార్కు వెబ్‌సైట్‌లో ఉన్నవే. అది చూసి చెప్పడానికే కదా మీకు 12,000 ఫీజు కట్టింది? ఆ ఫీజు, కిట్ డబ్బు, రెండు రాత్రుల హోటల్ ఖర్చు 15 రోజుల్లో నా ఖాతాలో వేయండి. రసీదులు జత చేశాను. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

గంటలు మా ఇంట్లోనే ఉన్నాయి. ఎవరినైనా పంపిస్తే ఇచ్చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్
కూకట్‌పల్లి, హైదరాబాద్